ఎర్ర తూనీగ నమూనా: కిట్టు ఇచ్చేది సగం, చేయి ఇచ్చేది సగం

ప్లాస్టిక్ విమాన నమూనాల పరిశ్రమ యుద్ధంలో పేరుమోసిన ఫైటర్ల మీద, బాంబర్ల మీద చూపినంత శ్రద్ధ శిక్షణ విమానాల మీద ఎన్నడూ చూపలేదు. జపాను జీరో ఫైటర్‌కు చిన్నా పెద్దా అన్ని కొలతల్లోనూ కిట్లు దొరుకుతాయి గాని, ఆ జీరోను నడిపినవారు అంతకుముందు చేయి తిప్పుకున్న విమానాల వంతు వచ్చేసరికి, ఏదో ఒక చిన్న సంస్థ కొద్ది సంఖ్యలో అచ్చుపోసి వదిలిన కిట్టే చాలాసార్లు గతి అవుతుంది. పరిమిత తయారీ కిట్ అనదగిన ఈ సరంజామాలో కొన్ని భాగాలు మందంగా ఉంటాయి, కొన్ని ఒకదానితో ఒకటి అతకవు, కొన్ని అసలే ఉండవు. ఆ లోటు పూడ్చే భారం కొనుక్కున్నవారి చేతి మీదే పడుతుంది. కృష్ణా డెల్టా దిగువన, అంటే మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన చేతిపనులు సరిగ్గా ఆ భారం మోయడానికి తగినవి. పైగా ఈ తీరపు చరిత్రకు ఆ విమానాలతో దూరపు సంబంధం కూడా ఒకటి ఉంది.

జపాను శిక్షణ విమానాల్లో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది యొకోసుకా కె5వై. నౌకాదళానికి చెందిన యొకోసుకా ఆయుధాగారం రూపొందించిన మొదటి నమూనా గాలిలో నిలకడగా ఉండకపోవడంతో కవనిషి సంస్థ దాన్ని సరిదిద్దగా, 1933 డిసెంబరులో కొత్త రూపం ఎగిరింది. మరుసటి ఏడాది నుంచి నౌకాదళంలో మధ్యస్థ శిక్షణకు, అంటే ఓనమాలు దాటిన పైలట్‌కు యుద్ధవిమానం అప్పగించే ముందు ఇచ్చే శిక్షణకు, ఇదే ప్రధాన సాధనమైంది. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందూ వెనుకా పైకప్పు లేని రెండు సీట్లు, ఉక్కు గొట్టాల చట్రం మీద బిగించిన గుడ్డ, ముక్కున కప్పు లేకుండా బయటికే కనిపించే తొమ్మిది సిలిండర్ల అమకజె ఇంజను దీని గుర్తులు. రెక్కల నిడివి 11 మీటర్లు, పొడవు 8.05 మీటర్లు. పలు సంస్థలు కలిసి మొత్తం 5,770 విమానాలు తయారుచేశాయి. శిక్షణ విమానం దూరం నుంచే తెలియాలని ఒళ్ళంతా నారింజ పసుపు రంగు పూయడం వల్ల జపాను జనం దీన్ని అకతొంబో, అంటే ఎర్ర తూనీగ, అని ముద్దుగా పిలిచారు.

ఈ తీరానికి ఉన్న సంబంధానికొస్తే, 1942 ఏప్రిల్ మొదటి వారంలో వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా నాయకత్వంలో ఒక జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి ప్రవేశించి, మూడు పాయలుగా చీలి వర్తక నౌకలను వేటాడింది. మధ్య పాయలో ఉన్న ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి ఏప్రిల్ 6న లేచిన నాకజిమా బి5ఎన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. నాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి నేటికీ విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. ఆ ఏడాది ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర జరిగిన యుద్ధంలో ర్యుజో మునిగిపోయింది. ఆంధ్ర తీరానికి ప్రత్యక్షంగా తగిలిన ప్రపంచ యుద్ధం ఇదే గనుక, బందరులోనో అవనిగడ్డలోనో కూర్చుని జపాను విమానం నమూనా కట్టాలనుకునేవారు సహజంగా బి5ఎన్ బాంబర్ వైపే చూస్తారు. కానీ 1930ల మధ్యనుంచి తయారైన జపాను నౌకాదళ పైలట్లలో అత్యధికులు మధ్యస్థ దశ దాటింది కె5వై మీదనే. బాంబరు నమూనా ఏప్రిల్ 6 అనే ఒక్క రోజును మాత్రమే చెబుతుంది. ఆ రోజుకు ముందు సంవత్సరాల తరబడి ఒక దేశం ఎలా సిద్ధమైందో శిక్షణ విమానం చెబుతుంది. చరిత్ర దృష్టితో చూస్తే రెండోదే ఎక్కువ విలువైన నమూనా.

బాంబరునూ శిక్షణనూ ఒకేచోట చూపాలనుకునేవారికి మరొక దారి ఉంది. బి5ఎన్‌లో తొలి రకమైన బి5ఎన్1కు హికారి ఇంజను ఉండేది. 1,000 అశ్వశక్తి గల సకాయె ఇంజనుతో బి5ఎన్2 వచ్చాక పాతబడిన బి5ఎన్1లలో అనేకం ఉన్నత శిక్షణకు మార్చబడి బి5ఎన్1-కె అనే పేరు పొందాయి. మామూలు బాంబరు కిట్‌ను కొంత మార్చి, పచ్చ బూడిద రంగులకు బదులు నారింజ రంగు వేసి దీన్ని సాధించవచ్చు. అయితే నేర్పుకు నిజమైన పరీక్ష పెట్టేది మాత్రం జంట రెక్కల కె5వై వంటి విమానమే.

నమూనా నిష్పత్తి గురించి ముందుగా తెలుసుకోవాలి. 1/72 అంటే అసలు విమానంలోని 72 మిల్లీమీటర్లు నమూనాలో ఒక్క మిల్లీమీటరు కావడం. ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అవుతాడు గనుక ఈ కొలత పుట్టింది. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వెలువడిన తొలి ప్లాస్టిక్ విమానాల కిట్లు ఈ కొలతవే. యుద్ధకాలంలో శత్రు విమానాలను ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పడానికి మిత్రరాజ్యాల సైన్యాలు వాడిన నల్లని నమూనాలు కూడా ఈ కొలతకే చేశారు. ఈ లెక్కన కె5వై రెక్కలు సుమారు 153 మిల్లీమీటర్లు, పొడవు 112 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో పట్టేంత. 1/48లో రెక్కలు 229 మిల్లీమీటర్లు అవుతాయి. చూపు మందగించినవారికి, సీట్ల లోపలి భాగాలు చక్కగా చూపాలనుకునేవారికి అది మేలు.

పరిమిత తయారీ కిట్ లోపాలకు కారణం అజాగ్రత్త కాదు, అచ్చు. పెద్ద కంపెనీలు గట్టి ఉక్కులో అచ్చులు చెక్కి, కరిగిన పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను అధిక ఒత్తిడితో అందులోకి ఎక్కిస్తాయి. అంత ఒత్తిడి ఉంటేనే పలుచని అంచుల దాకా, సన్నని మూలల దాకా ప్లాస్టిక్ పారుతుంది. అటువంటి అచ్చు ఖరీదు రాబట్టాలంటే చాలా ఎక్కువ ప్రతులు అమ్ముడుపోవాలి. శిక్షణ విమానానికి అంత గిరాకీ ఉండదు గనుక చిన్న సంస్థలు అల్యూమినియం వంటి మెత్తని లోహంతోనో, లోహపు పూత గల ఎపాక్సీతోనో అచ్చు చేసి, తక్కువ ఒత్తిడితో కొద్ది ప్రతులు మాత్రమే తీస్తాయి. చెక్ రిపబ్లిక్‌లోని ఎంపీఎం, స్పెషల్ హాబీ వంటి సంస్థలు 1990ల నుంచి ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. తక్కువ ఒత్తిడి వల్ల భాగాలు మందంగా వస్తాయి, రెండు అచ్చుల సందులోంచి ప్లాస్టిక్ పలుచని పొరగా బయటికి కారుతుంది, చల్లారేటప్పుడు మందపు చోట్ల గుంటలు పడతాయి, ఒక భాగాన్ని మరొకదానిలో కూర్చే మేకులూ రంధ్రాలూ ఉండవు. అచ్చులో రాని సూక్ష్మ భాగాలను కొన్ని కిట్లలో రెజిన్ పోతగానో, రసాయనంతో కరిగించి ఆకారం తీసిన ఇత్తడి రేకుగానో విడిగా ఇస్తారు. ఇంతటి ఇబ్బంది ఉన్నా, ఆ చిన్న సంస్థలే లేకపోతే జపాను శిక్షణ విమానాల్లో చాలావాటికి నమూనా అనేదే ఉండేది కాదు. ఆ మేలును మరచి లోపాలను మాత్రమే లెక్కించడం న్యాయం కాదు.

మందం అనే ఒక్క లోపాన్నే తీసుకుంటే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. 1/72 కిట్‌లో ఫ్యూజలేజ్ అనే దేహభాగం గోడ ఒక మిల్లీమీటరు ఉందంటే, అసలు విమానంలో అది 72 మిల్లీమీటర్ల గోడ కింద లెక్క. కె5వైలో ఆ చోట నిజంగా ఉండేది రంగు పట్టించిన గుడ్డ మాత్రమే. సీట్లకు పైకప్పు లేని విమానం గనుక చూపరి కన్ను నేరుగా ఆ అంచు మీదే పడుతుంది, మందపాటి అంచు కనబడగానే విమానం బొమ్మగా మారిపోతుంది. అందుకని దేహపు రెండు సగాలనూ అతికించక ముందే సీట్ల చుట్టూ లోపలి వైపు నుంచి గుండ్రని కత్తితోనూ వాటర్ పేపర్‌తోనూ గోరుతూ, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ప్లాస్టిక్ లోంచి కాంతి తెలియవచ్చేదాకా పలుచన చేయాలి. అప్పుడు లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఉక్కు గొట్టాల చట్రాన్ని సన్నని ఇత్తడి తీగతో కట్టి నిలిపితే, సీటు వెనుక అడ్డకమ్మీలు, పక్కన ఏటవాలు కమ్మీలు, వాటి మధ్య నుంచి పోయే నియంత్రణ తీగలు అన్నీ ఉన్నచోట ఉన్నట్టు కనిపిస్తాయి. శిక్షణ విమానం కాబట్టి గురువుకూ శిష్యుడికీ విడివిడిగా స్టిక్కు, పాదాలతో తొక్కే చుక్కాని పెడల్స్, కొలత మీటర్లు ఉంటాయన్నది మరవకూడదు. కిట్‌లో ఒక్క జత ఇచ్చి ఊరుకుంటే రెండోది స్వయంగా చేసుకోవలసిందే.

మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న చిలకలపూడి పేరు రోల్డ్ గోల్డ్ నగలతో ముడిపడింది. రాగి, ఇత్తడి వంటి లోహాల మీద పలుచని బంగారు పొర పట్టించి నగలు చేసే ఈ పనిలో తీగ లాగడం, రేకు కత్తిరించడం, వెంట్రుకవాసి సందుల్లో టంకం పెట్టడం, ఆకురాయితో అంచు దిద్దడం నిత్యకృత్యాలు. విమాన నమూనాకు కావలసిన నేర్పు కూడా సరిగ్గా ఇదే. పై రెక్కనూ కింది రెక్కనూ కలిపే స్ట్రట్‌లు అనే గుంజలు కిట్‌లో లావుగా, పెళుసుగా వస్తాయి. వాటికి బదులు కమ్మచ్చులో, అంటే రంధ్రాల పలకలో, లాగిన ఇత్తడి తీగను సుత్తితో కొద్దిగా సాగగొట్టి, గాలిని చీల్చే బాదంకాయ కోతకు ఆకురాయితో దిద్దితే అసలు గుంజల ఆకారం వస్తుంది, రెక్కల బరువుకు వంగదు. రెక్కా దేహమూ కలిసే చోట మేకులు లేని లోటును 0.5 మిల్లీమీటర్ల తీగ ముక్కలు గుచ్చి పూరించవచ్చు. పరాయి దేశపు కిట్‌లో వచ్చిన ఇత్తడి రేకును చూసి భయపడేవారికి, దానికన్నా చిన్న భాగాలను చిలకలపూడి పనివారు చెవికమ్మల్లోనే అమరుస్తున్నారన్న సంగతి ధైర్యం ఇవ్వాలి. కలంకారీ అద్దకానికి టేకు కర్రలో అచ్చులు చెక్కే పెడన పనితనం కూడా ఇక్కడ పనికివస్తుంది; ఒకే లోతున, ఒకే వెడల్పున, చేయి జారకుండా గీత తీయడమే ప్లాస్టిక్ మీద పలకల గీతలు మళ్ళీ చెక్కేవారికీ ప్రాణం.

ఇంజను విషయంలో రాజీ పడకూడదు, ఎందుకంటే దానికి కప్పు లేదు. అమకజె ఇంజనులో సిలిండర్లు నక్షత్రం కిరణాల్లా చుట్టూ అమరి ఉంటాయి. ఒక్కో సిలిండర్‌కు వేడి తగ్గించే పలుచని పట్టీలు వరుసగా ఉంటాయి. కిట్‌లో ఇవి మొద్దుబారి ఉంటే, రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కడ్డీ చుట్టూ కరెంటు వైరులోని సన్నని రాగి పోగును దగ్గర దగ్గరగా చుట్టి కొత్త సిలిండర్లు చేసుకోవచ్చు. తొమ్మిదింటినీ ఒకే ఎత్తున, 40 డిగ్రీల ఎడంతో నిలపడానికి ముందుగా కాగితం మీద వృత్తం గీసుకుని దాని మీదే కూర్చడం ఉత్తమం. రెజిన్ ఇంజను దొరికితే పని తేలికే. అయితే రెజిన్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి దాన్ని తడిపి మాత్రమే రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

గుడ్డ రెక్క స్వభావం అర్థం కాకపోతే రెక్క మీద ఎంత శ్రమ పడినా ఫలితం ఉండదు. లోపలి పక్కటెముకల మీద గుడ్డ బిగుతుగా ఉండి, వాటి మధ్య అతి కొద్దిగా లోపలికి వాలుతుంది. చాలా కిట్లలో ఈ వాలు మిట్టపల్లాలుగా కనిపిస్తుంది. అసలు విమానంలో అంత వాలు ఉంటే అది ఎగరనే ఎగరదు. కాబట్టి ఎముకల గట్లను వాటర్ పేపర్‌తో తగ్గించి, పైన ప్రైమర్ రెండు మూడు పూతలు వేసి, వెలుగు ఏటవాలుగా పడితే తప్ప తెలియనంత సున్నితంగా మిగల్చాలి. గుంటలు పడిన చోట్ల లప్పం పెట్టి ఆరాక రుద్దాలి. రెక్క వెనుక అంచు కిట్‌లో ఒక మిల్లీమీటరు ఉంటే దాన్ని లోపలి నుంచి రుద్ది కాగితమంత పలుచన చేయాలి. ఈ రుద్దుడు విసుగు పుట్టించేదే కానీ, నమూనా అందం సగం ఇక్కడే తేలుతుంది.

జంట రెక్కల విమానాన్ని నిలిపేవి తీగలు. దేహం అడుగు నుంచి పై రెక్క చివరి గుంజల వైపు పోయే తీగలు, గాలిలో రెక్కలు పైకి లేచిపోకుండా పట్టుకుంటాయి. దేహం మీది నుంచి కింది రెక్క గుంజల అడుగుకు దిగే తీగలు, నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు మోస్తాయి. ఏ తీగ ఏ పని చేస్తుందో తెలిసినవారు దాన్ని తప్పుచోట కట్టరు. అసలు తీగ మందం 7 మిల్లీమీటర్లు అనుకుంటే 1/72లో అది 0.1 మిల్లీమీటరు, అంటే తల వెంట్రుకంత. కొందరు కిట్ చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ కడ్డీని దీపం సెగన కరిగించి దారంలా సాగదీసి వాడతారు. అతికించాక వదులుగా ఉంటే వెలిగించిన అగరొత్తిని తాకించకుండా దగ్గరికి తేగానే అది ముడుచుకుని బిగుస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు చేపల వలలకు వాడే అతి సన్నని నైలాన్ పోగు సులభంగా దొరుకుతుంది గాని, నైలాన్ గాలిలోని తేమను పీల్చి కొద్దిగా సాగుతుంది కాబట్టి సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలం వచ్చేసరికి తీగ వదులయ్యే ప్రమాదం ఉంది. పాలిస్టర్ పోగు అంతగా సాగదు. దారం ఏదైనా, ఒక పక్క బిగించేటప్పుడు రెండో పక్క బిగువు మారకుండా చూసుకోవడమే అసలు కిటుకు. వల కళ్ళు సమంగా అల్లే మత్స్యకారుల వేళ్ళకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. తీగ దూరే రంధ్రాలను రెక్కలు అతికించక ముందే, 0.3 మిల్లీమీటర్ల ములికితో, వేళ్ళ మధ్య తిప్పే చేతి డ్రిల్లుతో వేసుకోవాలి.

డెల్టాలో పని చేసేవారికి అందరికన్నా పెద్ద ప్రత్యర్థి తేమ. త్వరగా ఆవిరయ్యే లక్క రంగులను పిచికారీ చేసినప్పుడు, ఆ ఆవిరి చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది; గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది నీరుగా మారి రంగులో చిక్కుకుని పైన తెల్లని పాలపొర కమ్ముతుంది. గుడివాడ వంటి పట్టణాల్లో కార్లకు రంగు వేసే షెడ్ల వారందరికీ ఈ తెల్లబారడం తెలిసిన ఇబ్బందే. మెల్లగా ఆరే థిన్నర్ కొద్దిగా కలపడం వారు వాడే విరుగుడు, నమూనాకూ అదే వర్తిస్తుంది. తెల్లవారుజామున తేమ శాతం అత్యధికం కనుక అప్పుడు రంగు జోలికి పోకూడదు. ఎండ ఎక్కిన తరువాత, తీరాన సముద్రపు గాలి తిరగకముందు ఉండే వేళ బందరులో అనుకూలం. తక్షణం అంటుకునే సయనోఆక్రిలేట్ జిగురు తేమ తగిలితేనే గట్టిపడుతుంది కాబట్టి ఇక్కడ మరింత వేగంగా బిగుస్తుంది, భాగాన్ని సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వదు. దాని ఆవిరి గాజులాంటి ముందు తెరల మీద పడితే తెల్లని మచ్చ మిగులుతుంది గనుక ఆ తెరలకు వేరే జిగురు వాడాలి.

నారింజ పసుపు వర్ణం అడుగు రంగును కప్పలేని బలహీనమైన వర్ణం. బూడిదరంగు ప్రైమర్ మీద నేరుగా వేస్తే మురికిగా తేలుతుంది. కాబట్టి ముందు తెలుపు సమంగా వేసి, ఆరాక నారింజను పలుచని పూతలుగా ఎక్కించాలి. ఎర్రని సూర్యబింబపు గుర్తు నారింజ మీద తేలిపోకుండా కనబడాలంటే నారింజ మరీ ఎర్రబారకూడదు. యుద్ధం చివరి దశలో పై నుంచి శత్రువు కంటపడకుండా చాలా శిక్షణ విమానాల పైభాగానికి ముదురాకుపచ్చ వేసి, అడుగున నారింజ వదిలేశారు.

రంగు ఎంపికతోనే నమూనా ఏ కథ చెబుతుందో తేలిపోతుంది. 1945 జులై 29న ఒకినావా దగ్గర గుడ్డ రెక్కల పాత జంటరెక్కల విమానం ఒకటి ఆత్మాహుతి దాడిలో అమెరికా నౌక కాలహన్‌ను ముంచింది. అది కె5వై అని చరిత్రకారులు సాధారణంగా గుర్తిస్తారు. కామికజె దాడుల్లో మునిగిన చివరి అమెరికా యుద్ధనౌక అదే. కుర్రవాళ్ళకు ఎగరడం నేర్పిన విమానంతోనే వారిని చావుకు పంపడం ఆ యుద్ధపు అతి విషాదకరమైన ఘట్టాల్లో ఒకటి. సరిగ్గా రెండేళ్ళకు, 1947 జులై 29 తెల్లవారుజామున, అదే రకం విమానాలు రెండు, వాటితో మరొక జపాను విమానం, జావాలోని మగువో నుంచి లేచి డచ్చి సైన్యాల స్థావరాల మీద బాంబులు వేశాయి. కానీ ఈసారి వాటిని నడిపింది స్వతంత్ర ఇండోనేషియా యువకులు. యుద్ధానంతరం జపానువారు వదిలిపోయిన కె5వైలను వారు చురెంగ్ అని పిలిచి, సూర్యబింబపు దిగువ సగానికి తెలుపు వేసి తమ ఎరుపు తెలుపు జెండా గుర్తుగా మార్చుకున్నారు. 1945 అక్టోబరు 27న ఇండోనేషియా పైలట్ అగస్టినుస్ ఆదిసుచిప్తో ఆ గుర్తుతో యోగ్యకర్త మీద ఎగిరాడు. 1947 దాడి జరిగిన సాయంత్రమే మందులతో వస్తున్న వీటీ-సీఎల్‌ఏ అనే భారత రిజిస్ట్రేషన్ గల డకోటాను డచ్చివారు కూల్చగా అతడు మరణించాడు.

17వ శతాబ్దం తొలి దశకంలో డచ్చి వర్తకులు మచిలీపట్నంలో స్థావరం వేసుకుని ఇక్కడి బట్టలను జావాకు, సుగంధ ద్రవ్యాల దీవులకు తరలించారు. వారి వలసపాలన జావాలో ముగియడంలో ఈ గుడ్డ రెక్కల విమానాలకు పాత్ర ఉందన్న దృష్టితో చూస్తే, బందరులో తయారయ్యే కె5వైకి ఎరుపు తెలుపు గుర్తే అన్నింటికన్నా తగినది. యోగ్యకర్తలోని ఇండోనేషియా వైమానిక దళ మ్యూజియంలో ఒక చురెంగ్ నిలిచి ఉంది. దాని ఫొటోలు గుంజల కోణాలకు, తీగల అమరికకు మంచి ఆధారం. అయితే మ్యూజియం విమానాల్లో బాగుచేసినప్పుడు భాగాలు మారడం, రంగు కొత్తగా వేయడం మామూలే కాబట్టి, రంగుకూ చిన్న భాగాలకూ 1940ల నాటి నలుపు తెలుపు ఫొటోలతో పోల్చుకున్న తరువాతే వాటిని నమ్మాలి.

పూర్తయిన నమూనాను ఉప్పుగాలికి వదలకూడదు. ఇత్తడి తీగలు నల్లబడతాయి, ఎండ తగిలితే గుర్తుల అంటింపు కాగితం పసుపెక్కుతుంది, నారింజ వెలుస్తుంది. నాలుగు వైపులా మూసిన గాజు పెట్టెలో, కిటికీకి దూరంగా, సిలికా జెల్ పొట్లం ఉంచి, నైరుతి వానలు మొదలైనప్పుడు ఒకసారి, కార్తీకంలో తుఫాను వానల తరువాత మరొకసారి ఆ పొట్లాన్ని వేడిచేసి మళ్ళీ పెడితే సరిపోతుంది.